శిల్పానికి లింకు డాక్యుమెంట్లు

మా చెల్లెలు రెండేళ్ల కిందట ఊరి శివార్లలో నూట యాభై గజాల స్థలం చూసుకుంది. బేరం కుదిరింది, బయానా డబ్బు కూడా సిద్ధమైంది. లాయరు ముప్పయ్యేళ్ల ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించి, స్థలం చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న దస్తావేజులను, అంటే లింకు డాక్యుమెంట్లన్నిటినీ, బల్ల మీద వరుసగా పరిచాడు. ఒక్క దస్తావేజు లేదు. 1991లో ఆ స్థలం ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు ఎలా వచ్చిందో చెప్పే కాగితం దొరకలేదు. అమ్మేవాళ్లు మంచివాళ్లు, ఊళ్లో పరువున్నవాళ్లు. అయినా చెల్లెలు వెనక్కి తగ్గింది. ఇంట్లో ఒక్కరు కూడా ఆమెను తప్పుపట్టలేదు. నడుమ ఒక్క చేయి తెలియకపోయినా భూమి కొనకూడదన్న సంగతి మన పల్లెల్లో బడి మొహం చూడనివాళ్లకు కూడా తెలుసు.

2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ ఒక సున్నపురాతి ఫలకం కొన్నది. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులను చెక్కిన 3వ శతాబ్దపు ఆంధ్ర శిల్పం అది. అమ్మింది న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్. ధర 5,95,000 అమెరికన్ డాలర్లు. ఆ ఫలకం ఎక్కడిదో తెలుసా? మన ప్రకాశం జిల్లాలో, దొనకొండకు దగ్గరగా, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరానిది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1970లలో మన పురావస్తు శాఖ తవ్వి తీసింది. దొరికిన శిల్పాలను అక్కడే చిన్న మ్యూజియంలో ఉంచారు. ఆ ఫలకాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. అది సముద్రాలు దాటి, శుభ్రపడి, దీపాల వెలుగులో అద్దాల గదిలో నిలబడింది.

దాన్ని వెనక్కి రప్పించడానికి పెద్ద పెద్ద ఆయుధాలేవీ అవసరం కాలేదు. ఒక ఫోటో చాలింది. 1990లలో అది ఇంకా మన దేశంలోనే ఉండగా తీసిన ఫోటో ఒకటి బయటపడింది. దాని ముందు గ్యాలరీ దగ్గరున్న కాగితాలు నిలవలేదు. 2016 సెప్టెంబరులో కాన్‌బెర్రాలో ఆ ఫలకాన్ని మన కేంద్ర మంత్రికి అప్పగించారు. ఆ ఏడాది చివర్లోనే వీనర్ అరెస్టయింది, 2021లో నేరం ఒప్పుకుంది.

ఈ వార్త చదివిన రోజు నుంచి ఒక ఆలోచన నన్ను వదలలేదు. ఆ ఫోటో తీసిన మనిషికి తాను సాక్ష్యం తయారుచేస్తున్నానని తెలిసి ఉండదు. మన చిన్న మ్యూజియంలో నిలబడి ఒక రాతిని శ్రద్ధగా చూసి, గుర్తు కోసం ఒక బొమ్మ తీసుకున్నాడు, అంతే. అలాంటి శ్రద్ధ నేర్పడం నా ఉద్యోగం. నేను ఇరవై ఏళ్లుగా డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతున్నాను. మ్యూజియంలోని వస్తువు ఎవరి చేతుల మీదుగా అక్కడికి చేరిందో వెతికే పని మన డిగ్రీ విద్యార్థులకు ఇవ్వాలి. దాన్ని ఐచ్ఛికంగా, సరదాగా కాకుండా చరిత్ర చదువులో ముఖ్యమైన భాగంగా ఇవ్వాలి. నేను నాలుగేళ్లుగా ఇస్తున్నాను. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవం మీద నిలబడి రాస్తున్నదే.

మొదటి ఏడాది తరగతి మొత్తానికీ ఒకే రాయి ఇచ్చాను. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్లో అందరికీ తెలిసిన ఫలకం. దాని నమోదు సంఖ్య 1880,0709.79. ఈ అంకెలను చదవడమే మొదటి పాఠం. ముందున్నది సంవత్సరం, తర్వాతిది జూలై 9, చివరిది ఆ తేదీ కింద పుస్తకంలోకెక్కిన వస్తువుల్లో దాని వరుస. పిల్లలు చకచకా రాసేశారు: "1880లో ఆంగ్లేయులు అమరావతి నుంచి తీసుకెళ్లారు." తప్పు. 1880 అనేది ఆ రాయి ఒక పుస్తకంలోకెక్కిన సంవత్సరం, ఊరు విడిచిన సంవత్సరం కాదు. భూమి విషయంలో మనం ఈ పొరపాటు చేయం. రిజిస్ట్రేషన్ తేదీ వేరు, స్వాధీనం వేరు. రాతి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో!

అప్పుడు వెనక్కి నడవడం మొదలుపెట్టాం. 1880కి ముందు ఈ అమరావతి రాళ్లు లండన్‌లోనే ఇండియా మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం మూతపడటంతో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. అంతకుముందు ఫైఫ్ హౌస్ అనే భవనం. అక్కడి బగ్గీల షెడ్డులో పడివున్న రాళ్లను 1867 ప్రాంతంలో భారతీయ కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించి, మరుసటి ఏడాది వాటి మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1859. మద్రాసు నుంచి లండన్‌కు ఓడ ఎక్కిన సంవత్సరం. దానికి ముందరి ఏడాది, 1858లో, మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరు లిన్నయస్ ట్రైప్ ఆ రాళ్లను ఒక్కొక్కటిగా ఫోటోలు తీశాడు. నూట అరవై ఏళ్లు దాటిన ఆ ఫోటోలు ఈ రోజుకూ పనికొస్తున్నాయి. ఏ రాతికి ఏ మూల అప్పటికే విరిగిందో, ఏ మూల తర్వాత విరిగిందో అవి చెబుతాయి. ఇంకా వెనక 1845. గుంటూరులో కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ అమరావతి దిబ్బను తవ్వించి రాళ్లను మద్రాసుకు పంపిన సంవత్సరం. వాటికి 'ఎలియట్ మార్బుల్స్' అని పేరు పడింది. అవి చలువరాళ్లు కావు, మన పల్నాటి సున్నపురాళ్లు. పేరులోనే రెండు చేతులు మారాయి. మద్రాసులో ఆ రాళ్లు ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడివున్నాయి. ఏ రాతిని దిబ్బలో ఏ చోట నుంచి లేపారో చెప్పే పటం ఎలియట్ తవ్వకం నుంచి మనకు మిగల్లేదు. అమరావతి స్తూపం విషయంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ లోటే. రాయి పోతే ఎప్పుడైనా తిరిగి రావచ్చు. అది నిలబడిన చోటు చెరిగిపోతే తిరిగి రాదు.

ఇంతవరకూ పిల్లలకు కోపం బాగానే వచ్చింది. ఆంగ్లేయుల మీద కోపం తెచ్చుకోవడం సులువు. అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది.

ఎలియట్‌కు దాదాపు అర్ధ శతాబ్దం ముందే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1816లో మళ్లీ వచ్చి శిల్పాల బొమ్మలు గీయించాడు. ఆ రెండు రాకల నడుమ స్తూపానికి పెద్ద నష్టం జరిగిపోయింది. అమరావతిని రాజధానిగా చేసుకున్న జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త ఊరు కడుతున్నాడు. దిబ్బ నుంచి రాళ్లూ ఇటుకలూ కట్టడాలకు వెళ్లాయి. నడిమధ్యలో చెరువు తవ్వారు. తర్వాతి కాలంలో చెక్కిన రాళ్లను సున్నం కోసం కాల్చిన దాఖలాలు కూడా ఉన్నాయి. వేంకటాద్రి నాయుడి పేరు మా గుంటూరు వైపు నేటికీ గౌరవంగా పలికే పేరు. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించిన దాతగా ఆయన్ను తలుస్తారు. తరగతిలో ఒకమ్మాయి లేచి నిలబడింది. "మేడమ్, మా తాతయ్య ఆయన్ను దేవుడిలా చెబుతారు. ఆయన పేరు కూడా ఈ వరుసలో రాయాలా?" అని అడిగింది. కళ్లల్లో నీళ్లు ఉన్నాయి. రాయాలన్నాను. గుడిని నిలబెట్టిన మనిషీ, స్తూపం రాళ్లను వాడుకున్న మనిషీ ఒక్కరే అయినప్పుడు రెండూ రాయాలి. ఆయన కాలంలో అది 'స్తూపం' అని ఎవరికీ తెలియదు, ఊరివాళ్లకు అది దీపాలదిన్నె. ఆ సంగతి కూడా రాయాలి. ఆ అమ్మాయి రాసింది. ఆ ఏడాది నాకు అందిన వ్యాసాలన్నిటిలోకీ అదే గట్టిది.

మన దగ్గర వారసత్వం గురించి గొంతెత్తేవాళ్లు చాలామంది ఈ మెట్టు దాటేసి వెళ్తున్నారు. "మన రాళ్లు మనకు ఇచ్చేయండి" అన్నది న్యాయమైన కోరికే. లండన్‌లో ఉన్న నూట ఇరవై పైచిలుకు అమరావతి శిల్పాలు ఏదో ఒక రోజు కృష్ణ ఒడ్డుకు రావాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. కానీ కోరిక వేరు, దావా వేరు. దావా వేసేవాడు తన వైపు బలహీనతలతో సహా మొత్తం వరుస చెప్పగలగాలి. మనం దాచిన ప్రతి మెట్టునూ ఎదుటివాడు ముందుగా బయటపెడతాడు. పైగా మనం దాస్తే మన పిల్లలకే అబద్ధం చెప్పినట్టు.

మొదటి ఏడాది ఇచ్చిన ఆ లండన్ ఫలకంలో పిల్లలను ఆశ్చర్యపరచిన సంగతి ఇంకొకటి ఉంది. దానికి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు పని. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, అమరావతి శిల్పులే ఆ రాతిని తిప్పి, వెనకవైపు నిండుగా స్తూపం బొమ్మ చెక్కారు. పాత ముఖం గోడవైపు పోయింది. అంటే ఆ రాయి ఓడ ఎక్కకముందే, ఎవరూ దొంగిలించకముందే, ఒక జన్మ ముగించుకుని రెండో జన్మ ఎత్తింది. మ్యూజియం చీటీ మీద 'అమరావతి, 3వ శతాబ్దం' అని రాసి ఊరుకుంటే ఇవేవీ ఉండవు. 3వ శతాబ్దం నుంచి నేరుగా మన కళ్ల ముందుకు దూకినట్టు ఉంటుంది. మధ్యనున్న పదిహేడు వందల ఏళ్లు ఆ చీటీలో కనబడవు.

ఈ వెతుకులాటకు యూరప్‌లో పెద్ద ఊపు వచ్చింది నాజీల కాలపు దోపిడీ వల్ల. యూదు కుటుంబాల నుంచి లాక్కున్న చిత్రాలు యుద్ధం తర్వాత ఎక్కడెక్కడో గోడలకెక్కాయి. 1998లో 44 దేశాలు వాషింగ్టన్‌లో కూర్చుని, ఎవరి దగ్గరున్నవి వాళ్లు వెతికి చెప్పాలని సూత్రాలు రాసుకున్నాయి. జర్మనీలో దీనికోసం ఆచార్య పదవులే వెలిశాయి. బాన్ విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేకంగా ఎంఏ ఉంది. విద్యార్థులు చిత్రాన్ని గోడ మీద నుంచి దింపి, వెనకవైపున్న చీటీలూ ముద్రలూ చాక్‌పీసు అంకెలూ చదవడం నేర్చుకుంటారు. చిత్రానికి వెనకవైపు ఎలాగో మన శిల్పాలకు గ్రామం రికార్డు అలాగ.

మనకు దగ్గరలో జరిగిన కథ శ్రీపురందాన్ నటరాజుది. తమిళనాడులోని అరియలూరు జిల్లా గుడి నుంచి దొంగలు తీసుకుపోయిన చోళ కంచు విగ్రహాన్ని అదే ఆస్ట్రేలియా గ్యాలరీ 2008లో 50 లక్షల అమెరికన్ డాలర్లకు న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ దగ్గర కొన్నది. కాగితాలు ఉన్నాయి. ఒక సూడాన్ దౌత్యవేత్త 1970లో ఢిల్లీలో కొన్నట్టు చూపే కాగితాలు. నా విద్యార్థుల చేత ఈ ఒక్క సంవత్సరం గురించి గంటసేపు మాట్లాడించాను. ఎందుకు 1970? అక్రమ రవాణాను ఆపడానికి యునెస్కో ఒప్పందం చేసింది ఆ ఏడాది నవంబరులోనే. మన పురావస్తు, కళాఖండాల చట్టం వచ్చింది 1972లో. ఆ గీతకు ఇటువైపు దేశం దాటిన వస్తువైతే ప్రశ్నలు, అటువైపు దాటినదైతే నిశ్శబ్దం. అందుకే దొంగకాగితాలన్నీ గీతకు అటువైపు తేదీనే వేసుకుంటాయి. మరీ అనుకూలంగా కనబడే తేదీని అనుమానించాలని ఆ గంటలో పిల్లలు తమంతట తాము తేల్చారు. ఆ నటరాజును కూడా ఫోటోనే పట్టించింది. పాండిచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థవాళ్లు 1994లో గుడిలో తీసిన ఫోటో. 2014లో విగ్రహం ఇంటికి చేరింది.

పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్లు లక్షకు పైగా గుడి ఫోటోలు తీసి భద్రపరిచారు, అందులో ఎక్కువ భాగం తమిళ దేశానివి. తెలుగు నేల మీద ఆ స్థాయి సంపుటి నేను చూడలేదు. ఎవరో వచ్చి తీసిపెడతారని ఎదురుచూడటం ఎందుకు? ప్రతి మండలానికీ డిగ్రీ చదివే పిల్లలున్నారు. ప్రతి చేతిలోనూ ఫోను ఉంది.

ఈ మాట ఒక సమావేశంలో అన్నప్పుడు ఒక పెద్దాయన నాతో వాదించారు. ఇది నిపుణుల పని, పిల్లలు తప్పులు రాస్తారు, ఆ తప్పులు రేపు కోర్టులో మనకే ఎదురు తిరుగుతాయి అన్నారు. తేలిగ్గా తీసిపారేయగల వాదన కాదిది. పిల్లలు తప్పులు రాస్తారు, నా దగ్గర కట్టలు కట్టలుగా ఉన్నాయి. అయితే ఆ తప్పుల్లో ఎక్కువ శాతం ఒకే రకం: తెలియని చోట తెలిసినట్టు రాయడం. ఖాళీని ఖాళీగా వదలడానికి వాళ్లకు భయం. పన్నెండేళ్ల బడి చదువులో ఖాళీ వదిలితే మార్కులు పోతాయని నేర్పిన పిల్లలు వాళ్లు. నేను ఖాళీలకు మార్కులు పెట్టడం మొదలుపెట్టాను. '1859 నుంచి 1867 వరకు ఈ ఒక్క రాయి ఎక్కడుందో నాకు దొరకలేదు, ఈ ఈ చోట్ల వెతికాను' అని రాస్తే పూర్తి మార్కులు. ఒక్క ఏడాదిలో రాతలు మారిపోయాయి. ఈ నిజాయితీ చరిత్ర విద్యార్థికే కాదు, రేపు పోలీసయ్యేవాడికీ విలేకరయ్యేవాడికీ కావాలి.

నిపుణులకు లేనిది ఒకటి ఈ పిల్లల దగ్గర ఉంది. ఆధారాల్లో సగం తెలుగులో ఉన్నాయి, మన పల్లెల్లో ఉన్నాయి. రెండు వందల ఏళ్ల కిందట మెకంజీకి ఈ సంగతి అర్థమైంది కాబట్టే ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులను పనిలో పెట్టుకున్నాడు. వాళ్లు ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న దండకవిలెలు (పాత గ్రామ లెక్కల పుస్తకాలు) చూసి, పెద్దలను అడిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. ఏ గుడి ఎవరు కట్టించారు, ఏ మాన్యం ఎవరిచ్చారు, ఏ దండయాత్రలో ఏది పాడైంది అన్నీ వాటిలో ఉన్నాయి. అవి మన ఊళ్ల లింకు డాక్యుమెంట్లు. అలాంటి పని చేసిన జాతి పిల్లలకు ఈ విద్య కొత్తగా దిగుమతి చేయనక్కరలేదు.

మూడో ఏడాది లండన్ వదిలేసి ఇంటికి వచ్చాం. ఎవరి ఊరి గుడికి వాళ్లు వెళ్లి, ఉత్సవ విగ్రహాల ఎత్తు కొలిచి, నాలుగు వైపులా ఫోటో తీసి, గుడి ఆస్తుల రిజిస్టరుతో సరిచూడమన్నాను. కొన్ని చోట్ల తలుపులు తెరుచుకోలేదు. ఒక కార్యాలయంలో రిజిస్టరు చూపించడానికి పిల్లలను నాలుగుసార్లు తిప్పి, చివరికి పై నుంచి ఉత్తర్వు తెమ్మన్నారు. చూపించిన చోట ఏం కనబడిందంటే, ఒక గుడి రిజిస్టరులో ఒకే ఒక్క వాక్యం: 'పంచలోహ విగ్రహాలు, మూడు.' పక్కన బరువు. ఎత్తు లేదు, ఎవరి విగ్రహమో లేదు, ఫోటో లేదు. బంగారం తూచినట్టు తూచి వదిలేశారు. ఆ మూడు విగ్రహాలు పోయి, అంతే బరువున్న కొత్తవి వచ్చి కూర్చున్నా ఆ రిజిస్టరు ప్రకారం ఏమీ పోనట్టే. రేపు అవి ఏ దూరదేశపు వేలంలోనో కనబడితే ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఎవరితో వాదిస్తాం?

ఆ ఊరి అబ్బాయి అక్కడితో ఆగలేదు. విగ్రహాల పాత ఫోటోలు ఎక్కడ దొరుకుతాయని తన నాయనమ్మను అడిగాడు. ఆమె బీరువాలోంచి పెళ్లి ఆల్బమ్ తీసింది. 1978లో ఆ గుళ్లోనే జరిగిన పెళ్లి. వధూవరుల వెనక, పీఠం మీద, పూలదండల మధ్య అమ్మవారి ఉత్సవమూర్తి సగం కనబడుతోంది. ఎడమచేతి కలువమొగ్గ కొన విరిగి ఉంది. ఇప్పుడున్న విగ్రహానికీ అదే విరుపు, అదే చోట. ఆ అబ్బాయి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, మొగ్గ చుట్టూ గుండ్రంగా గీత గీసి తెచ్చాడు. ఆ విరుపు ఆ విగ్రహానికి వేలిముద్ర. అమ్మవారు ఆ గుళ్లో 1978 నుంచీ ఉన్నారని చెప్పడానికి ప్రభుత్వ కాగితం లేదు, ఒక పెళ్లి ఆల్బమ్ ఉంది. ఆ తర్వాత ఊళ్లో కల్యాణాల ఫోటోలు, అన్నప్రాశనల ఫోటోలు అడిగి తిరిగితే మరో పదకొండు దొరికాయి. అన్నిటికన్నా పాతది 1964 నాటి శ్రీరామనవమిది. దాని వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉన్నాయి.

మా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రాజెక్టులంటే అంతర్జాలం నుంచి దించి స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేవిగా మారిపోయాయి. ఆ పేజీలు ఎవరూ చదవరు. ఆ స్థానంలో ప్రతి విద్యార్థీ ఒక్క వస్తువు చరిత్ర, ఖాళీలతో సహా, కొలతలతో, ఫోటోలతో రాస్తే పదేళ్లలో ఎన్ని ఊళ్ల సంగతి తేలుతుందో ఆలోచించండి. మ్యూజియం అధికారులను నేను అడిగేది కూడా పెద్దదేమీ కాదు. మా పిల్లలను మీ రిజిస్టర్ల దగ్గర కూర్చోనివ్వండి. చీటీ మీద శతాబ్దం కింద ఇంకో వరుస రాయండి, ఇది ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చింది అని. తెలియకపోతే తెలియదని రాయండి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు వెళ్లి ప్రపంచం చేత చూడబడినప్పుడు మనమంతా గర్వపడ్డాం. అవి అరువుగా వెళ్లాయి, కాగితంతో వెళ్లాయి, వాటి ఊరి పేరుతో వెళ్లాయి. చందవరం ఫలకం వెళ్లిన తీరుకూ దీనికీ ఉన్న తేడా ఆ కాగితమే.

పోయిన వేసవిలో ఆ అబ్బాయి తన వ్యాసం ప్రతి ఒకటి గుడి అర్చకులకు ఇచ్చి వచ్చాడు. ఆయన చాలాసేపు పేజీలు తిరగేసి, "బాబూ, ఈ మొగ్గ విరిగిన రోజు నాకు గుర్తుంది. మా నాన్నగారి చేతుల్లోంచి జారింది. ఊరేగింపు రోజు వాన పడింది" అన్నారట. ఏ సంవత్సరమో అడిగితే కాసేపు ఆలోచించి, పెద్ద తుఫాను వచ్చిన ఏడాది అన్నారట. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. పెళ్లి ఫోటో 1978ది. అబ్బాయి అక్కడే కూర్చుని పెన్సిలుతో ఒక వరుస చేర్చాడు. కొత్త సంగతి దొరికినప్పుడు మార్చుకోవాలి కాబట్టి పెన్సిలే వాడతారు మా పిల్లలు. అర్చకులు ఆ ఫోటోల ప్రతులు అడిగి తీసుకుని, ఆస్తుల రిజిస్టరు తెరిచి, 'పంచలోహ విగ్రహాలు, మూడు' అన్న పేజీకి ఎదురుగా జిగురుతో అంటించారు.